బోర్లకుండ అమ్మవారికి ఖాళీ కుండే మొక్కుబడి

అమ్మవారి దీపానికి తెచ్చిన నెయ్యి కంపు కొట్టింది. ఈ క్షేత్రానికి వచ్చిన పేరూ, ఇక్కడి ఆచారమూ, భక్తులు చేతిలో ఖాళీ కుండతో గుట్ట ఎక్కడమూ, అన్నీ ఆ పాడైన నేతి నుంచి వచ్చినవే. అందువల్ల ఆ మాట దాచకుండా ముందే చెప్పడం ఇక్కడి పద్ధతి.

నల్లమల అడవి అంచున, ఎర్రవాగు దాటగానే కనిపించే పొట్టి గుట్ట మీద అమ్మవారు వెలసి ఉన్నారు. గోపురం లేదు, గర్భగుడికి పైకప్పు కూడా లేదు. మూతి నేలకు ఆనించి బోర్లించిన పెద్ద కుండలా ఉండే నల్లని బండే మూలవిరాట్టు. దాని చుట్టూ నడుమెత్తు రాతి గోడ మాత్రం ఉంది. పైకప్పు వేయిస్తామని దాతలు ముందుకు వచ్చినప్పుడల్లా గుడి పెద్దలు వద్దంటారు. అమ్మవారికి ఎండ తగలాలి. బండ కింద ఒక పక్కన, మనిషి వంగి దూరగలిగినంత తొర్ర ఉంది. పైన బండ కాలుతున్నా అందులో చల్లటి గాలి ఆడుతూనే ఉంటుంది. దీపానికి వాడే నెయ్యి పోసిన చిన్న మట్టి గురిగి అక్కడే, ఉట్టిలో వేలాడుతూ కనిపిస్తుంది.

ఇక్కడ పాలాభిషేకం లేదు. ఎవరైనా పాలు తెస్తే వాటిని కాచి వచ్చినవారికే పంచుతారు. అమ్మవారికి సమర్పించేది ఖాళీ కుండ. బూడిదతో తోమి, మరిగిన నీళ్లతో కడిగి తెచ్చిన కుండను బండ ముందున్న అరుగు మీద బోర్లించి దండం పెట్టుకుంటారు. ప్రదక్షిణలు చేసి, కాసేపు కూర్చుని లేచేదాకా అది ఎండలోనే ఉంటుంది. తర్వాత పూజారమ్మ దాన్ని ఎత్తి, లోపల వాసన చూసి, ప్రసాదంగా తిరిగి ఇస్తుంది. వాసన మిగిలి ఉంటే ఇవ్వదు. పక్కనే బూడిద కుప్ప, పీచు, నీళ్ల పొయ్యి ఉన్నాయి. ఎంత దూరం నుంచి వచ్చినవారైనా మళ్లీ తోమవలసిందే.

పూజ తొలినుంచీ గొల్ల ఇళ్ల ఆడవారిదే. ఇప్పుడు ఆ బాధ్యత వెంగమ్మగారిది. పట్నం నుంచి కారులో వచ్చిన ఒకావిడ ఆమెతో, "మా ఇంట్లో కుండలెక్కడివమ్మా, అంతా ఫ్రిజ్జే గదా" అన్నది.

"ఫ్రిజ్జును బోర్లించమని మేమూ అనడం లేదులే తల్లీ. దాంట్లో పెట్టే గిన్నె పట్టుకురా" అన్నారు వెంగమ్మగారు.

అప్పటి నుంచి స్టీలు గిన్నెలూ అరుగెక్కుతున్నాయి. ప్లాస్టిక్ డబ్బాలకు మాత్రం అనుమతి లేదు. ఒక వేసవిలో ఎవరో పెట్టిన డబ్బా ఎండకు సొట్టపడి వంకర తిరిగింది. అమ్మవారికి ఇష్టం లేదనడానికి అంతకన్నా నిదర్శనం అక్కర్లేదని పెద్దలు తేల్చారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, బండ ఒక్కటే ఉండేది. గుట్ట కింద పల్లెలో పాడి తప్ప వేరే బతుకుతెరువు లేని గొల్లలు కాపురం ఉండేవారు. ఎండాకాలం మొదట్లో కింద గడ్డి అయిపోయేది. అప్పుడు మందలను అడవిలోకి తోలుకుపోయేవారు. తోలే ముందు ఈ బండ దగ్గర నేతి దీపం పెట్టడం ఆనవాయితీ. ఆ నెయ్యి ఏటా ఒక్క ఇంటి వంతు. ఆ ఇంటి పశువుల పాలతో, ఆ ఇంటిలోనే తయారు కావాలి. దీపం వెలగకుండా మంద గుట్ట దాటితే పులి పాలవుతుందని వారి నమ్మకం. వంతు మార్చుకోవడానికీ వీలు లేదు.

వారికి ఇంకో నమ్మకం కూడా ఉండేది. పాలకుండను ఖాళీ చేయకూడదు, బోర్లించకూడదు. ఇంట్లో మనిషి పోతేనో, ఇల్లు విడిచి వలస పోతేనో తప్ప కుండ బోర్ల పడదు. అందువల్ల అడుగున కొంచెం పాతవి ఉంచి, వాటి మీదనే కొత్త పాలు పోసేవారు. పెరుగూ అంతే, వెన్నా అంతే. బయట పసుపు రాసి బొట్టు పెట్టేవారు గానీ లోపలికి నీళ్లు తగలనిచ్చేవారు కాదు. అలా తరాల పాటు ఎండిపోని కుండను సిరికుండ అని పిలిచేవారు. ఎవరి సిరికుండ ఎంత పాతదైతే ఆ ఇల్లాలికి అంత గౌరవం. వేసవిలో ప్రతి ఇంట్లోనూ పాలు విరిగేవి. దిష్టి తగిలిందని అనుకుని ఊరుకునేవారు.

పల్లెలో అందరికన్నా పాత సిరికుండ ఓబులమ్మది. అత్తగారి అత్తగారి నుంచి వచ్చింది. ఆమె కొడుకు గురవయ్యకు పెళ్లయిన ఏడాదే దీపం వంతు వారి ఇంటికి వచ్చింది. కోడలు నాంచారమ్మ ఇంకా పద్దెనిమిది నిండని పిల్ల. దీపానికి ఎక్కువ నెయ్యి ఇవ్వాలన్న భక్తితో ఓబులమ్మ చాలా ముందు నుంచే వెన్న కూడబెట్టించింది. రోజూ చిలికిన కొత్త వెన్నను పాత వెన్న మీదనే పెట్టించింది. కాచే పని కోడలికి అప్పగించింది.

మందలు తోలే పౌర్ణమి నాడు పల్లె అంతా గుట్ట ఎక్కింది. పెద్దగొల్ల తిరుపాలు గురిగి మూత తీశాడు. తీసిన చేత్తోనే ముక్కు మూసుకున్నాడు.

"ఏంది వదినా ఇది? దీపానికి తెచ్చావా, బండి ఇరుసుకు తెచ్చావా?" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఓబులమ్మ నవ్వలేదు. ఆమె వంక చూడని మనిషి అక్కడ లేడు. ఆమె మాత్రం కోడలి వంక చూసింది.

"నా కుండ ఎప్పుడూ ఇట్టా చెయ్యలేదు. కాచిన చెయ్యి అచ్చిరాలేదు" అన్నది.

దీపం వెలగలేదు. మందలు కిందే ఉండిపోయాయి. వచ్చే పౌర్ణమికి మళ్లీ నెయ్యి తేవాలని, అప్పుడూ పాడైతే చేయి అచ్చిరాని పిల్లను పుట్టింటికి పంపి, ఇంటికి శాంతి చేయించాలని పెద్దలు నిర్ణయించారు. ఆ రోజుల్లో అలా తిరిగి వెళ్లిన పిల్లను మరో ఇంటి పాలకుండ ముట్టనిచ్చేవారు కాదు. పాడి మీద బతికే వారిలో అంతకన్నా పెద్ద వెలి లేదు. గురవయ్య మెత్తని మనిషి. తల్లికి ఎదురు చెప్పడం తెలియదు, భార్యను పంపడం ఇష్టం లేదు. అతడు ఆ నెల అంతా ఏ పని చెప్పినా తల ఊపుతూ తిరిగాడు.

నాంచారమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసింది. పాలు సన్నని సెగ మీద కాచింది. మీగడ కట్టేదాకా కాపు కాసింది. గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడు వేసింది. అయినా తెల్లవారేసరికి పెరుగు పుల్లగా పొంగేది, లేదా తీగలు సాగేది. చేతులు కడుక్కుని కడుక్కుని అరచేతులు పగిలాయి. చివరికి ఆమెకే తన చేతుల మీద అనుమానం వచ్చింది.

ఒక మధ్యాహ్నం దూడలను మేపుతూ గుట్ట మీదికి వచ్చి, ఎండకు తాళలేక ఈ బండ కింది తొర్రలో కూర్చుంది. చల్లటి గాలికి కన్ను మూతపడింది. కలలో ఒక ముసలమ్మ వచ్చి దాహానికి మజ్జిగ అడిగింది. నాంచారమ్మ తన వెంట తెచ్చుకున్న ముంత అందించింది. ముసలమ్మ తాగలేదు. మజ్జిగ కింద పారబోసి, ఖాళీ ముంతలోకి ముక్కు పెట్టి వాసన చూసింది.

"నీ చేతిని ఎందుకే తిడతావు? ఇన్నేళ్ల పాచి దీంట్లో కాపురం ఉంటే చెయ్యి ఏం చేస్తుంది?" అన్నది.

"బోర్లిస్తే అరిష్టం కదమ్మా" అన్నది నాంచారమ్మ.

"నేనెట్టా కూర్చున్నానో బయటికి పోయి చూడు" అన్నది ముసలమ్మ. అని, ముంతను బోర్లించి తన తల మీద పెట్టుకుని ఎండలోకి నడిచి వెళ్లిపోయింది.

నాంచారమ్మ మేలుకుని బయటికి వచ్చి చూసింది. పుట్టినప్పటి నుంచి ఆ పల్లెవారంతా మొక్కుతున్న బండ, మూతి నేలకు ఆనించి బోర్లించిన కుండ ఆకారంలోనే ఉంది. అన్నాళ్లూ ఎవరూ దాన్ని కుండగా చూడలేదు. కింద చల్లగా, పైన ఎండకు కాగుతూ, ఎక్కడా చెమ్మ లేకుండా ఉంది. దాని మీద నాచు కూడా పట్టలేదు. ఊరిని కాపాడే తల్లే బోర్లా కూర్చుని ఉంటే, కుండను బోర్లిస్తే అరిష్టం ఎలా అవుతుందని ఆమెకు తోచింది. అది కలా, నిజమా అని ఆమె ఎవరినీ అడగలేదు. ఇంటికి వెళ్లి చేతికి అందిన పాత పెరుగు కుండను పొయ్యి బూడిదతో లోపలా బయటా రుద్దింది. నీళ్లు మరగకాచి పోసింది. ఆ నీళ్లు మొదట పచ్చగా వచ్చాయి. తేటగా వచ్చేదాకా పోసి, కుండను వాకిట్లో రాళ్ల మీద బోర్లించింది.

నీళ్లకు వెళ్లి వచ్చిన ఓబులమ్మ వాకిట్లో బోర్లా పడిన కుండను చూసి బిందె వదిలేసింది.

"ఎవరు చచ్చారే ఇంట్లో?"

"ఎవరూ చావలేదత్తా. కుండ ఆరుతున్నది."

"నా కొడుకు బతికుండగానే కుండ బోర్లించావా? మీ అమ్మ నీకు ఇదా నేర్పింది?"

"మా అమ్మా బోర్లించలేదు. మా ఇంట్లోనూ పాలు విరిగేవి" అన్నది నాంచారమ్మ.

ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. గురవయ్యను మంద దగ్గర నుంచి పిలిపించారు. అతడు వచ్చి తల్లినీ, భార్యనూ, కుండనూ వరుసగా చూసి, "నేను బాగానే ఉన్నా గదమ్మా" అన్నాడు. ఆ నెలలో అతడు చెప్పిన ఉపయోగకరమైన మాట అదొక్కటే.

అప్పుడు నాంచారమ్మ అత్తగారి ఎదుట నిలబడి అడిగిన మాటను ఇక్కడి ఆడవారు ఈనాటికీ పొల్లుపోకుండా చెప్పుకుంటారు.

"నన్ను పంపేదుంటే పంపు అత్తా, నేను అడ్డం రాను. పంపేముందు ఒక్కటి చెయ్యి. ఈ పూట పిండిన పాలు నువ్వే కాచి, సగం నీ సిరికుండలో పొయ్యి, సగం ఈ కడిగిన కుండలో పొయ్యి. రెండింటికీ నీ చేత్తోనే తోడు వెయ్యి. నేను వాకిలి దాటి లోపలికి రాను. తెల్లారి చూద్దాం."

అంతమంది ముందు కాదనడానికి ఓబులమ్మకు మనసు ఒప్పలేదు. తన చేతి మీద ఆమెకు అనుమానమూ లేదు. ఒకే పాలు కాచింది, రెండు కుండల్లో పోసింది, ఒకే తోడు వేసింది, మూతలు పెట్టింది. నాంచారమ్మ పక్కింటి పంచలో పడుకుంది.

తెల్లవారాక మూతలు తీసింది కూడా ఓబులమ్మే. కడిగిన కుండలో పెరుగు గడ్డగా తోడుకుని ఉంది. కుండను పక్కకు ఒంచినా కదలలేదు. సిరికుండలో పైన పసుపుపచ్చని నీరు తేలి, కింద తీగలు సాగే ముద్ద ఉంది. ఓబులమ్మ వేలితో తాకి, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసింది. రెండు కుండల మధ్య గొంతుక్కూర్చుంది. నాంచారమ్మ వాకిట్లోనే నిలబడింది.

ఓబులమ్మే అన్నది: "అచ్చిరాలేదని నా చేతినీ అన్నారే పిల్లా. మా అత్త పోయేదాకా అన్నది. నేనూ నిజమే అనుకున్నా."

ఆమె లేచి సిరికుండను చంకనెత్తుకుంది. సాయం పట్టబోయిన కొడుకును తోసేసింది. ఎర్రవాగులో దిగి, చెక్కులు కట్టిన పాచిని చిల్లపెంకుతో గీకి, బూడిదతో తోమి, గుట్ట ఎక్కి, తన చేత్తోనే ఈ బండ ముందు బోర్లించింది. నాలుగు తరాల పాటు ఎండ ఎరగని కుండకు ఆ రోజు ఎండ తగిలింది. ఇప్పుడు భక్తులు కుండలు బోర్లించే అరుగు అప్పుడు ఆమె బోర్లించిన చోటే కట్టారు. కోపిష్టి అత్తగా ఆమెను చెప్పుకునేవారు ఈ భాగాన్ని మరవకూడదు. తప్పు తెలిసిన పూటే, పల్లె అంతా చూస్తుండగా, తనకు గౌరవం తెచ్చిన వస్తువును తానే మోసుకువెళ్లి కడిగిన మనిషి ఆమె.

ఆ తర్వాత అత్తాకోడళ్లు కలిసి చేసిన నేతి పద్ధతే ఈ గుడిలో నేటికీ నడుస్తున్నది. పొద్దున్నే చల్లపూట చిలుకుతారు. వెన్నను చన్నీళ్లలో పిసికి, ఆ నీళ్లు తేరుకునేదాకా కడుగుతారు. మజ్జిగ చుక్క మిగిలినా వెన్న చెడుతుంది. కడిగిన వెన్నను చల్లని నీళ్లలో ముంచి ఉంచి, ఆ నీళ్లు రోజూ మారుస్తారు. పాత వెన్న మీద కొత్తది వేయరు. ఎక్కువ రోజులు కూడబెట్టకుండా సన్నని సెగ మీద కాస్తారు. చిటపట ఆగి, అడుగున మడ్డి ఎర్రబడ్డాక, తమలపాకు వేసి దించుతారు. ఆరిన గురిగిలో వడకట్టి, తడి గరిటె ఎప్పుడూ ముంచకుండా, బండ కింది తొర్రలో ఉట్టికి కడతారు. ఉట్టిలో చుట్టూ గాలి ఆడుతుంది, చీమ చేరదు, పిల్లి అందుకోలేదు.

వచ్చిన పౌర్ణమికి తిరుపాలు గురిగి మూత తీయడానికి ముందే మొహం పక్కకు తిప్పుకున్నాడు. తీశాక మళ్లీ ఇటు తిరిగాడు.

"నెయ్యేనా వదినా ఇది? పూలేమన్నా వేశారా?"

"కుండ కడిగాం" అన్నది ఓబులమ్మ.

దీపం వెలిగింది. మందలు గుట్ట దాటాయి. మర్నాటి నుంచి పల్లెలో ఒక్కొక్క ఇంటి ముందూ కుండలు బోర్లపడటం మొదలైంది. మొదట పడుచువారు, తర్వాత నడివయసువారు, అందరికన్నా చివర తిరుపాలు ఇంటివారు. ఆ వేసవిలో మనుషులూ పోలేదు, ఇళ్లూ పాడుపడలేదు. అమ్మవారికి బోర్లకుండ అమ్మ అని పేరు అప్పుడు వచ్చింది.

నేటికీ మందలు తోలే పౌర్ణమికే ఇక్కడ తిరునాళ్ల జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల అత్తలు కొత్త కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చి, ఇద్దరూ కలిసి ఒకే కుండను తోమి అరుగు మీద పెడతారు. ఇలా చేసిన ఇంట్లో పాడి నిలుస్తుందని, పాలు విరగవని, మాటలూ విరగవని నమ్మకం. అమ్మవారి అనుగ్రహం ఫ్రిజ్ ఉన్న ఇంటికీ వర్తిస్తుంది గానీ, ఆ ఇంటివారు చేయవలసినది చేయాలి. నిన్నటి పాల మీద నేటి పాలు పోసి, పెరుగు గిన్నెను కడగకుండా మళ్లీ మళ్లీ తోడు వేసి, ఊరగాయ పక్కన వెన్నను మూత లేకుండా పెట్టి, కంపెనీ పాలు మంచివి కావంటే అమ్మవారు ఏం చేస్తారు? మాటిమాటికీ తెరిచి మూసే తలుపు అరలో కాక లోపలి చల్లని అరలో పాలు పెట్టమని, నేతిలో తడి చెంచా ముంచవద్దని వెంగమ్మగారు కుండ తిరిగి ఇచ్చేటప్పుడు చెబుతారు. ఆ నాలుగు మాటలే ఇక్కడి మంత్రం. అందరికీ వినపడేలాగే చెబుతారు.

అరుగు పక్కన ఉన్న చిన్న రాయి నాంచారమ్మది. దాని మీద బొమ్మ లేదు, పేరు లేదు. ఆమె వయసు మళ్లాక పల్లెవారు విగ్రహం చేయిస్తామంటే, "రాయి చేయించే కూలితో నాలుగు కొత్త కుండలు కొని తొర్రలో పెట్టండి" అన్నదట. ఆమె కొలువుగా భావించి ఆ రాయికీ కుంకుమ పెడతారు.

బండ ముందు దీపం వెలిగిన నాడే నాంచారమ్మ ఒక నిర్ణయం తీసుకుందని చెబుతారు. తన ఇంట్లో పాలు చెడితే ముందు కుండను వాసన చూడాలి, మనిషి పేరు ఎత్తకూడదు. అత్తగారి కాలం గడిచి ఆమే అత్త అయింది. దీపం వంతు మళ్లీ ఆ ఇంటికి వచ్చింది. పల్లె అంతా దీపం నెయ్యి కోసం వాకిట్లో కాచుకుని ఉండగా, కోడలు తోడు పెట్టిన పెరుగు చెడి కనిపించింది. ఆ పిల్ల రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడ వైపు తిరిగింది. నాంచారమ్మ కుండ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ పెరుగును కుడితిలో పోసి, చేత్తో బూడిద తీసుకుని, కుండతో ఎండలోకి నడిచింది. తోడు ఎవరు వేశారని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.